పొయ్యి ఆరింది.. నిప్పు ఆరలేదు

చివరి ఏరుడు పత్తి ఇళ్లకు చేరింది. మిరపకాయ కల్లాల్లో ఎండుతోంది. చేలల్లో పీకిన పత్తికట్టె, మిరపకట్టె బండ్ల మీద, ట్రాక్టర్ల మీద వచ్చి పెరళ్లలో కుప్పలు పడుతోంది. వరిగడ్డి, జొన్నచొప్ప వాములు ఇంటి పక్కనే ఉన్నాయి. పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల మెట్ట పల్లెల్లో ఫాల్గుణ మాసం వచ్చేసరికి చాలా ఇళ్లు ఇలాగే ఉంటాయి. ఏడాది పొడవునా పడిన కష్టమంతా ఇంటి చుట్టూ ఎండి సిద్ధంగా ఉంటుంది. దాన్ని బుగ్గి చేయడానికి ఒక్క నిప్పు కణిక చాలు.

అప్పటి నుంచి రోహిణి కార్తె వెళ్లేదాకా ఫలానా ఊళ్లో వాము తగలబడిందనో, పూరిళ్లు కాలిపోయాయనో, కల్లంలో మిర్చి బూడిదైందనో వార్తలు వస్తూనే ఉంటాయి. పొయ్యిలోని నిప్పురవ్వలు ఎగిరి పడటమే కారణమని భావిస్తున్నట్లు ఆ వార్తల చివర ఒక వాక్యం ఉంటుంది. చదివినవారు పొయ్యి మండుతుండగా రవ్వ ఎగిరిందని అనుకుంటారు. కొన్నిచోట్ల అది నిజమే కావచ్చు. అయితే పొయ్యి మండుతున్నంతసేపూ దాని ముందు ఒక మనిషి కూర్చుని ఉంటుంది. రవ్వ ఎగిరితే ఆమె చూస్తుంది, చెంబెడు నీళ్లు చల్లుతుంది. వంట అయిపోయి, మంట తగ్గి, ఆ మనిషి లేచి వెళ్లిన తర్వాతనే అసలు ముప్పు మొదలవుతుంది. మండుతున్న పొయ్యి కంటే ఆరిపోయిందని అందరూ అనుకున్న పొయ్యే పల్లెటూరికి పెద్ద శత్రువు.

పల్లెలో తెల్లవారుజామున జరిగేది ఒకసారి గమనిస్తే ఈ సంగతి అర్థమవుతుంది. నాలుగున్నర, ఐదింటికి ఇల్లాలు లేచి పెరట్లో పొయ్యి వెలిగిస్తుంది. నీళ్లు కాగుతాయి, అన్నం దిగుతుంది, కూర దిగుతుంది. క్యారియర్లు కట్టుకుని ఏడు గంటలకల్లా మిరపకాయల కోతకు వెళ్లాలి. ఆటో వచ్చి వీధిలో హారను కొడుతూ ఉంటుంది. ఆ హడావుడిలో పొయ్యిలోని బూడిద చాటలోకి తోడి పెంటదిబ్బ మీద పోస్తుంది. లేదా అలాగే వదిలేసి వెళ్తుంది. ఇంట్లో మిగిలేది ఒక ముసలమ్మ, ఇద్దరు పసిపిల్లలు. పది, పదకొండు గంటలకు గాలి లేస్తుంది. ఎవరినీ తప్పుపట్టే పని లేదు. రెండు చేతులతో నలుగురి పని చేసే మనిషికి బూడిద చల్లారిందా లేదా అని చూసే తీరిక ఎక్కడిది? అందుకే ఈ పని ఇంట్లో మగవారు కూడా తమదిగా తీసుకోవాలి.

గ్యాసు వచ్చినా పొయ్యి పోలేదు

ఇంటింటికీ గ్యాసు వచ్చాక కట్టెల పొయ్యి ఇంకెక్కడిదని పట్నంలో ఉండేవారు అడుగుతారు. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం, 2016లో కేంద్రం ఉజ్వల పథకం వచ్చాయి. బండ లేని ఇల్లు ఇప్పుడు తక్కువే. కానీ కాఫీకి, కూరకు గ్యాసు వాడినా స్నానానికి నీళ్లు కాచేది పెరట్లోనే. గొడ్లకు ఉలవలు ఉడికేదీ అక్కడే. పండక్కి అరిసెలు వండేది, చుట్టాలొస్తే నాటుకోడి కాల్చేది, దేవర నాడు మేక తలకాయ, కాళ్లు కాల్చేది కూడా అక్కడే. పత్తికట్టె ఊరికే వస్తుంటే డబ్బు పోసి గ్యాసు కాల్చడం దేనికని రైతు లెక్క. ఆ లెక్కలో తప్పు లేదు. అయితే ఇదివరకు పొయ్యికి వంటిల్లనే చోటు ఉండేది, చుట్టూ మట్టిగోడ ఉండేది. గ్యాసు ఇంట్లోకి వచ్చాక పొయ్యి బయటికి పోయింది. ఆరుబయట, గాలిలో, వాముకు దగ్గరగా మూడు రాళ్ల మీదికి చేరింది. ఈ మార్పును ఎవరూ పట్టించుకోలేదు.

నాయనమ్మలకు తెలిసిన సంగతి

నివురు గప్పిన నిప్పు అన్న మాట మనం రోజూ వాడతాం. అది పూర్వం ప్రతి ఇంట్లో చేసిన పని. అగ్గిపెట్టె కొనడం బరువైన రోజుల్లో రాత్రి వంట కాగానే నాలుగు మంచి నిప్పులు ఏరి, వాటి మీద బూడిద కప్పి ఉంచేవారు. తెల్లారి బూడిద తీసి ఊదితే నిప్పు కళకళలాడేది. దానితోనే పొయ్యి రాజేసేవారు. నిప్పు లేనివారు పొరుగింటికి పిడక పట్టుకువెళ్లి అడిగి తెచ్చుకునేవారు. బూడిద నిప్పును చంపదని, కాపాడుతుందని ఆ తరానికి బాగా తెలుసు.

దీనికి కారణం తేలికగానే అర్థమవుతుంది. బూడిద వేడిని బయటికి పోనివ్వదు, గాలిని లోపలికి ఎక్కువగా రానివ్వదు. లోపలి కణిక మంట లేకుండా, పొగ లేకుండా, కొద్దికొద్దిగా తనను తాను తింటూ రాత్రంతా ఉంటుంది. పైన చెయ్యి పెడితే చల్లగా తగులుతుంది. గాలి వచ్చి ఆ దుప్పటి ఎగరగొట్టిన క్షణంలో దానికి కావలసిన ప్రాణవాయువు ఒక్కసారిగా అందుతుంది. ఎర్రబడుతుంది, చిటపటలాడుతుంది, తేలికపాటి ముక్క అయితే గాలితో లేచిపోతుంది. పెంటదిబ్బ మీద పోసిన బూడిదైతే ఇంకో ప్రమాదం ఉంది. ఎండిన పేడ, ఊడ్చి పోసిన చెత్త లోలోపల రగిలి, పొద్దున పోసిన నిప్పు సాయంత్రానికి పైకి తేలుతుంది. అప్పటికి దాని సంగతి ఎవరికీ గుర్తుండదు.

కట్టెను బట్టి కూడా తేడా ఉంది. పత్తికట్టె, మిరపకట్టె భగ్గున మండి తొందరగా అయిపోతాయి. వాటి బెరడు పొరలు మండుతూనే గాలిలో లేస్తాయి కనుక మంట ఉన్నప్పుడే వాటితో జాగ్రత్త. సర్కారు తుమ్మ, చింత మొద్దులు అలా కాదు. మంట ఆగాక గట్టి బొగ్గు నిలుస్తుంది. ఆ నిప్పు బూడిద కింద మర్నాటిదాకా ఉన్నా ఆశ్చర్యం లేదు. పిడకలు మరీ మొండివి. పొయ్యి వెలిగించడానికి పత్తికట్టె, తర్వాత తుమ్మ మొద్దు వేసే ఇళ్లలో రెండు ప్రమాదాలూ ఒకే పొయ్యిలో ఉంటాయి.

లండన్ రొట్టెల కొట్టు

ఇది మన పల్లెలకే వచ్చిన కష్టం కాదు. 1666వ సంవత్సరం సెప్టెంబరు 2న తెల్లవారుజామున లండన్ నగరంలో పుడ్డింగ్ లేన్ అనే సందులో ఒక రొట్టెల కొట్టులో నిప్పు పుట్టింది. ఆ కొట్టు యజమాని థామస్ ఫారినర్ రాజుగారి నౌకాదళానికి రొట్టెలు చేసి ఇచ్చేవాడు. రాత్రి పడుకోబోయే ముందు నిప్పు చూసే పడుకున్నానని ఆయన తర్వాత గట్టిగా వాదించాడు. ఆ వేసవి అంతా వానలు లేవు, ఇళ్లు కొయ్యవి, తూర్పు గాలి బలంగా వీస్తోంది. నాలుగు రోజుల్లో 13,200 ఇళ్లు, 87 చర్చీలు, వాటితోపాటు సెయింట్ పాల్ పెద్ద చర్చి కాలిపోయాయి. ఎండిన ఊరు, దగ్గర దగ్గర ఇళ్లు, గట్టి గాలి, ఆరిందనుకున్న పొయ్యి. లండన్ పేరు తీసేస్తే ఈ నాలుగూ మనకు తెలిసినవే.

అమెరికాలో ఇళ్ల వెనుక ఖాళీ స్థలంలో బొగ్గుల మీద, గ్యాసు మీద మాంసం కాల్చుకు తినే అలవాటు ఉంది. మన జిల్లాల నుంచి వెళ్లిన పిల్లలు కూడా అక్కడ ఆదివారాలు అదే చేస్తున్నారు. దాన్ని బార్బెక్యూ అంటారు. వారికి జూలై నెలలో ఈ ప్రమాదాలు ఎక్కువ. అక్కడి అగ్నిమాపక నిపుణులు చెప్పే మొదటి మాట, కాల్చే పొయ్యి ఇంటి గోడకు కనీసం 10 అడుగుల దూరంలో ఉండాలని. రెండో మాట, బొగ్గులు పూర్తిగా చల్లారాక మూత ఉన్న ఇనుప డబ్బాలో వేయాలని. మూడో మాట, పొయ్యి వెలిగించినవాడు దాన్ని వదిలి పోకూడదని. అక్కడ ఫోను చేసిన కాసేపటికి ఫైరింజను వస్తుంది, పంపు తిప్పితే నీళ్లు వస్తాయి. అయినా వారు అంత జాగ్రత్త చెబుతున్నారు. తాటాకు కప్పు, పక్కనే వాము ఉన్న మనకు ఆ 10 అడుగులు ఏమాత్రం సరిపోవు. పెరట్లో ఎంత దూరం వీలైతే అంత దూరం, వాముకూ పొయ్యికీ నడుమ ఒక మట్టిగోడ, లేకపోతే కనీసం పొయ్యికి మూడు వైపులా నడుమెత్తు అడ్డం ఉండాలి. నాపరాళ్లు దొరికే పల్నాటి ఊళ్లలో నాలుగు బండలు నిలబెట్టినా ఆ పని జరుగుతుంది.

గాలి ఒక వైపే రాదు

పొయ్యి ఎక్కడ వేసుకోవాలో చూసుకునేటప్పుడు చాలామంది తెల్లవారి గాలిని చూస్తారు. వేసవిలో తెల్లవారి గాలి ఉండీ లేనట్టు ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ పడమటి గాడ్పు లేస్తుంది. రెంటచింతల, మాచర్ల వైపు ఆ గాడ్పు ఎలా ఉంటుందో అక్కడివారికి చెప్పనక్కరలేదు. ఒంగోలు, చీరాల, బాపట్ల వైపు సముద్రానికి దగ్గరి ఊళ్లలో మధ్యాహ్నం తిరిగాక తూర్పు నుంచి సముద్రపు గాలి మొదలవుతుంది. అంటే ఒకే పగటిలో గాలి దాదాపు ఎదురు దిక్కుకు మళ్లుతుంది. పొద్దున వాము పొయ్యికి పైగాలిలో క్షేమంగా ఉన్నా, సాయంత్రానికి అదే వాము కిందిగాలిలోకి వస్తుంది. అందుచేత గాలివాటం చూసి పొయ్యి వేశామన్న ధీమా పనికిరాదు. గాలి హోరుమంటున్న రోజున బయట పొయ్యి వెలిగించకపోవడమే మంచిది. ఆ ఒక్కపూట గ్యాసు మీద నీళ్లు కాచుకుంటే ఇల్లేమీ గుల్ల కాదు.

ఇక ఆర్పడం. నాలుగు చెంబుల నీళ్లు దూరం నుంచి విసిరి, చుయ్ మన్న శబ్దం విని ఆరిందనుకుంటాం. పైపొర తడిసి గట్టిపడుతుంది, లోపల అలాగే ఉంటుంది. కట్టెలు ముందు బయటికి లాగి కొసలు నీళ్లలో ముంచాలి. తర్వాత బూడిద మీద కొద్దికొద్దిగా నీళ్లు పోస్తూ పొడవాటి కర్రతో అడుగుదాకా కలపాలి. మళ్లీ పోసి మళ్లీ కలపాలి. ఒక్కసారిగా గుమ్మరిస్తే ఆవిరి ఎగదన్ని ముఖం కాలుతుంది. ఆవిరి రావడం ఆగి, చేతి వెనుక భాగం దగ్గర పెడితే వేడి తగలకపోతే అప్పుడు ఆరినట్టు.

బూడిద తడపడానికి చాలామంది ఇల్లాళ్లకు మనసు ఒప్పదు. అంట్లకు కావాలి, కూరపాదులకు చల్లాలి. అలాంటివారికి మూత ఉన్న పాత ఇనుప డబ్బా, లేదా మట్టి బాన ఉంటే చాలు. బూడిద అందులో పోసి మూతపెట్టి, ఇంటికీ వాముకూ దూరంగా నేల మీద రెండు రోజులు ఉంచాలి. ప్లాస్టిక్ బకెట్టులో, గోనెసంచిలో పోయకూడదు. నిప్పుల్ని కూడా ఇలాగే బానలో వేసి మూత బిగిస్తే గాలి అందక ఆరిపోయి బొగ్గులవుతాయి. ఆ బొగ్గులు ఇస్త్రీ చేసేవారు కొనుక్కుంటారు. పాత ఇళ్లలో బొగ్గుల బాన ఉండేది ఇందుకే.

తంపటి, గాడిపొయ్యి, బాణలి

సంక్రాంతి రోజుల్లో తేగల తంపటి వేస్తారు. కుండలో తేగలు కుక్కి, చుట్టూ తాటాకు, చెత్త వేసి కాలుస్తారు. ఎండిన తాటాకు మంట ఎంత ఎత్తు లేస్తుందో వేసినవారికి తెలుసు. కాలిన ఆకు ముక్కలు మనిషి ఎత్తు దాటి తేలిపోతాయి. తంపటి ఊరి బయట, దున్నిన చేలో వేసుకుంటే ఏ గొడవా లేదు. పెరట్లో వేస్తేనే ముప్పు. శనగ చేలలో పచ్చి మండలు పీకి కాల్చుకు తినే పిల్లలు, తాటికాయలు కాల్చే పిల్లలు తినడం కాగానే లేచిపోతారు. వారి వెనుక నిప్పు ఉంటుంది. పిల్లల్ని తిట్టి మాన్పించడం జరిగే పని కాదు. మట్టి కప్పి తొక్కి, దాని మీద నీళ్లు పోసి రమ్మని నేర్పితే నేర్చుకుంటారు.

అరిసెల బాణలి సంగతి వేరు. ఇక్కడ నిప్పు కంటే నూనె భయం. నూనె నుంచి పొగ లేస్తుంటే కాగిపోయిందని గుర్తు. వెంటనే కట్టెలు బయటికి లాగాలి. నూనె అంటుకుంటే మాత్రం నీళ్లు పోయకూడదు. నీళ్లు నూనె కంటే బరువు, అడుగుకు దిగుతాయి. ఆ వేడికి క్షణంలో ఆవిరవుతాయి. ఆవిరైన నీరు సుమారు 1,700 రెట్లు ఉబ్బుతుంది. ఆ ఉబ్బుతో మండే నూనె మొత్తం చుట్టూ ఉన్నవారి మీద చిమ్ముతుంది. బాణలి కంటే పెద్ద ఇనుప పళ్లెం పక్కనుంచి జరిపి మూయాలి. కింద మంట మీద ఇసుక కానీ మట్టి కానీ కొట్టాలి. బాణలిని కదపకూడదు. వండబోయే ముందే పళ్లెం, మట్టి తట్ట పక్కన పెట్టుకోవాలి. నిప్పు లేచాక వెతికితే దొరకవు.

పెళ్లిళ్లకు తవ్వే గాడిపొయ్యి ఎలాగూ నేలలో ఉంటుంది, అది ఒకందుకు మేలు. చిక్కల్లా దాని మీదికి వంగిన తాటాకు పందిరితో, ఇప్పుడైతే షామియానా గుడ్డతో. వంటవాళ్లకు ఎండ తగలకూడదని పందిరిని పొయ్యి దాకా జరుపుతారు. భోజనాలై, బంధువులు బస్సులెక్కి, వంటమేస్త్రీ తన గరిటెలు సర్దుకుని వెళ్లాక ఆ గాడిలో బండెడు నిప్పు ఉంటుంది. దాన్ని నీళ్లు పోసి మట్టితో పూడ్చే బాధ్యత ఎవరిదో ముందే ఒక మనిషికి అప్పగించకపోతే అది ఎవరిదీ కాకుండా పోతుంది.

పెట్రోలు పొయ్యి

ఇటీవల వచ్చిన మరో దురలవాటు ఉంది. పూర్వం తడి కట్టె అంటుకోకపోతే కాస్త కిరసనాయిలు చల్లేవారు. అది దొరకడం తగ్గాక మోటారు సైకిలు ట్యాంకులోంచి పెట్రోలు తీసి చల్లుతున్నారు. మిరపకు, పత్తికి మందు కొట్టే ఇంజను పంపుల కోసం పెట్రోలు డబ్బాలు కూడా చాలా రైతు ఇళ్లలో ఉంటున్నాయి. పెట్రోలు, కిరసనాయిలు ఒకటి కావు. పెట్రోలు ఆవిరి మంట దగ్గరికి పోయేదాకా ఆగదు, అదే నేల మీద పాకి నిప్పును వెతుక్కుంటుంది. సగం రాజుకున్న పొయ్యి మీద పోస్తే మంట ధార వెంట వెనక్కి నడిచి చేతిలోని సీసాకే అంటుకుంటుంది. పెట్రోలు డబ్బాకూ పొయ్యికీ సంబంధమే ఉండకూడదు. కొట్టంలో వేరుగా, పిల్లలకు అందకుండా ఉండాలి. పురుగుమందు ఖాళీ డబ్బాలు పొయ్యిలో వేసి కాల్చడమూ అంతే చెడ్డది. ఆ పొగ పీల్చేది వండే మనిషే.

గ్యాసు బండను పెరట్లోకి ఈడ్చుకొచ్చి కట్టెల పొయ్యి పక్కనే రెండో పొయ్యిగా పెట్టేవారూ ఉన్నారు. ఆ బండలో 14.2 కిలోల గ్యాసు ఉంటుంది. అది గాలి కంటే బరువైనది. లీకైతే పైకి పోకుండా నేల వెంట పల్లానికి జారి నిప్పున్న చోటికి చేరుతుంది. గ్యాసు లీకైతే చెప్పడానికి 1906 నంబరు ఉంది.

పత్తి ఉన్న ఇల్లు

ధర వస్తుందని ఆగి పత్తిని ఇంట్లో పోసుకోవడం ఈ ప్రాంతంలో మామూలు. గదినిండా, వాసాల దాకా పత్తి. అదే గది కిటికీ కింద పెరట్లో పొయ్యి. పత్తికి నిప్పు తగిలితే పైపైన మంట ఒక్కసారి పాకి ఆగిపోయినట్టే ఉంటుంది. లోపలికి పోయిన నిప్పు మాత్రం పోగుల మధ్య మంట లేకుండా తింటూ పోతుంది. పైన నీళ్లు కొట్టి ఆర్పామనుకుంటారు, మర్నాడో ఆ మర్నాడో మళ్లీ లేస్తుంది. నిప్పు తగిలిన పత్తిని గదిలో ఉంచకూడదు. బయటికి లాగి, బయలులో పలచగా పరచి, తడిపి రెండు మూడు రోజులు కనిపెట్టి ఉండాలి.

పత్తి నిప్పు ఎంత మొండిదో 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో తెలిసింది. ఫోర్ట్ స్టైకిన్ అనే ఓడలో పత్తి బేళ్లు, మందుగుండు కలిపి వేసుకొచ్చారు. మధ్యాహ్నం పత్తి బేళ్లున్న చోట పొగ కనిపించింది. అగ్నిమాపక దళం గంటల తరబడి నీళ్లు కొట్టినా పత్తి లోపలి నిప్పు చిక్కలేదు. నాలుగు గంటలు దాటాక ఓడ పేలిపోయింది. వందల మంది చనిపోయారు. నిప్పు ఆర్పడానికి వెళ్లిన సిబ్బందిలో 66 మంది ప్రాణాలు పోయాయి. వారి జ్ఞాపకార్థమే ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు దేశమంతటా అగ్నిమాపక వారోత్సవాలు జరుపుతారు. మన ఊళ్లలో వాములు కాలే రోజులూ అవే కావడం గమనార్హం. ఆ వారంలో సిబ్బందిని ఊరికి పిలిచి నిప్పు ఆర్పే పద్ధతి చూపించమని పంచాయతీవారు అడగవచ్చు.

మిరపకాయ మరో రకం. టిక్కీలకు నిప్పంటుకుంటే ఆ ఘాటుకు మనిషి దగ్గరికి పోలేడు. దగ్గుతో ఊపిరి ఆడదు, కళ్లు తెరవలేరు. పక్క ఇళ్లవాళ్లు కూడా నీళ్ల బిందెలు కింద పడేసి పరుగెత్తాల్సి వస్తుంది. అలాంటప్పుడు ముందు పిల్లల్ని, ముసలివారిని, ఉబ్బసం ఉన్నవారిని పైగాలి వైపుకు దూరంగా పంపాలి. ఆర్పేవారు కూడా గాలికి వీపు పెట్టి పైగాలి నుంచే వెళ్లాలి. మిర్చి టిక్కీ సుమారు 40 కిలోలు. ఇంట్లో 20 టిక్కీలుంటే 8 క్వింటాళ్లు. కౌలు రైతుకైతే అందులో కౌలు ఉంది, మందుల కొట్టు బాకీ ఉంది, వడ్డీ ఉంది, ఆడపిల్ల చదువు ఉంది. కోల్డ్ స్టోరేజీలో పెట్టిన సరుకుకు బీమా చేయిస్తారు కానీ ఇంట్లోని సరుకుకు బీమా చేయించిన రైతు ఎక్కడో తప్ప కనిపించడు. కాబట్టి ఇంట్లో పంట ఉన్నన్ని రోజులు ఆ గది వైపున పొయ్యి వేయకపోవడమే రైతు చేతిలో ఉన్న బీమా.

మనిషికి అంటుకుంటే

పొయ్యి దగ్గర ముందు కాలేది ఆడవాళ్లే. చీర కొంగు, చున్నీ నడుముకు దోపుకోవాలి. నైలాను రకాలు అంటుకుంటే కరిగి ఒంటికి పట్టేస్తాయి కనుక పొయ్యి పనికి నూలు బట్టే మంచిది. బట్ట అంటుకుంటే పరుగెత్తకూడదు. పరుగెత్తితే గాలి తగిలి మంట ముఖం మీదికి లేస్తుంది. వెంటనే నేల మీద పడి పొర్లాలి. పక్కనున్నవారు గొంగళి, దుప్పటి, తడి గోనెపట్టా కప్పి అదమాలి. మంట ఆరగానే కాలిన చోట మామూలు చల్లనీళ్లు 20 నిమిషాల పాటు ధారగా పోయాలి. మంచు గడ్డలు పెట్టకూడదు. పేడ, సిరా, టూత్ పేస్టు, కోడిగుడ్డు సొన పూయడం పాతకాలపు తప్పు. పుండు చెడుతుంది, డాక్టరు వాటిని గీకి తీయాల్సి వస్తుంది. గాజులు, ఉంగరాలు, మెట్టెలు వాపు రాకముందే తీయాలి. అంటుకున్న బట్టను లాగకూడదు. శుభ్రమైన గుడ్డ కప్పి 108కి ఫోను చేయాలి.

ఫైరింజనుకు 101, ఇప్పుడు 112 కూడా పనిచేస్తుంది. ఆర్పడం చేతకాదని తేలాక ఫోను చేద్దామనుకుంటే అప్పటికి పూరిల్లు ఉండదు. పట్టణం నుంచి ఇంజను 20 కిలోమీటర్లు రావాలి, రోడ్డు సంగతి తెలిసిందే. పొగ చూడగానే ఒకరు ఫోను, మిగిలినవారు పని. ఊరి పేరుతో పాటు మండలం, దగ్గరి పెద్ద రోడ్డు చెప్పి, ఒక కుర్రవాణ్ణి మోటారు సైకిలు మీద ఎదురు పంపితే ఇంజను దారి తప్పదు. బోరు మోటారు ఉందిగదా అన్న నమ్మకం కూడా పెట్టుకోకూడదు. ఊళ్లో నిప్పు లేస్తే ముందు కరెంటు తీస్తారు, తీయాలి కూడా. కరెంటు పోయాక మోటారు తిరగదు. పెరట్లో తొట్టి, రెండు డ్రమ్ములు ఎప్పుడూ నిండుగా ఉండాలి. పాకే గడ్డి మంటకు పచ్చి వేపమండలు, కానుగమండలు, తడి గోనెలు నీళ్లకంటే బాగా పనిచేస్తాయి.

కాలిపోయాక ఇల్లు కట్టుకోవడానికి, బీమా ఉంటే దానికి కూడా అగ్నిమాపక కేంద్రం ఇచ్చే ధ్రువపత్రం, రెవెన్యూవారి పంచనామా కావాలి. అవి రాకముందే బూడిద ఊడ్చేయకూడదు. పాసుపుస్తకం, ఆధారు, రేషను కార్డు, బాండ్లు అన్నీ ఒకే బీరువాలో కాలిపోయి నెలల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగేవారి బాధ వేరే చెప్పనక్కరలేదు. జిరాక్సు కాపీలు వేరే ఊళ్లో చుట్టాల దగ్గర ఒక కట్ట ఉంచుకుంటే ఖర్చు పదుల్లోనే.

చేల గట్ల మీద డేరాలు

మిరపకాయ కోతలకు కర్నూలు వైపు పడమటి మండలాల నుంచి కుటుంబాలతో సహా కూలీలు వస్తారు. చేల పక్కన, కల్లాల పక్కన పట్టాలతో డేరాలు వేసుకుని రెండు మూడు నెలలుంటారు. వారికి మూడు రాళ్లే పొయ్యి, మిరపకట్టే వంటచెరకు. డేరాలో నిద్రపోయే పసిబిడ్డకూ ఆ పొయ్యికీ నడుమ కొన్నిచోట్ల నాలుగడుగులు కూడా ఉండవు. ప్లాస్టిక్ పట్టా కాలితే కరిగి చుక్కలు చుక్కలుగా కింద పడుతుంది. ఇటు పక్క రైతు ఏడాది పంట ఎండుతోంది, అటు పక్క వారి బిడ్డలున్నారు. తీసుకొచ్చిన మేస్త్రీ, పిలిపించిన రైతు వచ్చిన రోజునే పొయ్యి చోటు చూపించాలి. డేరాలకు, కల్లానికి కిందిగాలిలో, దున్నిన నేలలో మోకాలి లోతు గుంట తీస్తే అందులోనే వండుకుంటారు. ఒక డ్రమ్ము నీళ్లు అక్కడ పెట్టాలి. కల్లం చుట్టూ, డేరాల చుట్టూ నాగలితో కానీ ట్రాక్టరుతో కానీ నాలుగు చాళ్లు తోలితే ఎండుగడ్డి మీదుగా పాకివచ్చే నిప్పు ఆ పచ్చి మట్టి దగ్గర ఆగుతుంది. ట్రాక్టరు ఎలాగూ చేలోనే ఉంటుంది కనుక అరగంట పని. కోతలు మొదలయ్యే ముందు రోజే తోలించుకున్న రైతులు కొందరున్నారు. వారి కల్లాలను దారినపోయేవారు కూడా గుర్తుపడతారు, ఎర్రటి మిరపకాయ చుట్టూ నల్లటి చాళ్లు కనిపిస్తాయి.